పరీక్ష తప్పిన మొగుడు

"అమ్మా, ఆ ఉప్పు ఇటు ఇమ్మని ఆవిడకి చెప్పు."

ఉప్పు గిన్నె అతని మోచేతికి జానెడు దూరంలో ఉంది. ఆవిడ బెత్తెడు దూరంలో ఉంది. అయినా ఆ మాట బల్లకి అవతల కూర్చున్న తల్లి దగ్గరికి వెళ్లి, అక్కణ్నుంచి తిరిగి రావాలి. నిన్న సాయంత్రం నుంచీ ఆ ఇంట్లో ఈ మొగుడూ పెళ్లాల మాటలకి అదే దారి.

"నేనేమన్నా టెలిఫోన్ తీగనా? నోరుందిగా, నువ్వే అడుగు" అంది అత్తగారు.

"నేనెలా అడుగుతానమ్మా? పరీక్ష తప్పినవాణ్ని."

కోడలు ఉప్పు గిన్నె తీసి అతని కంచం పక్కన పెట్టింది. అతను దాని వంక కూడా చూడలేదు. ఉడికిన గుడ్డుని చప్పగానే నోట్లో పెట్టుకుని, ఆ చప్పదనమంతా లోకం చూడాలన్నట్టు ముఖం పెట్టి నమిలాడు. పాపం, అది గొంతు దిగడానికి మంచినీళ్లు కావలసి వచ్చాయి. వాటి కోసం మళ్లీ తల్లినే అడిగాడు.

బల్ల చివర మామగారు మోకాళ్ల మీద వేడినీళ్ల సంచి పెట్టుకుని, నవ్వు ఆపుకోలేక దగ్గుతున్నాడు. వాళ్ల ఇల్లు పైన, కార్ఖానా కింద. కింద తయారయ్యేవి పిల్లలు ఎక్కి ఊగే చెక్కగుర్రాలు. ఆ గుర్రాల మధ్య నిలబడి నిలబడి ఆయన మోకాళ్లు ఇప్పుడు మొరాయించాయి.

"అలకలు తరవాత. సోమవారం నుంచి కింద నిలబడనని డాక్టరుకి మాటిచ్చాను. నా తరవాత మేస్త్రీ ఎవరో తేలిందా, లేదా?"

"తేలకేం నాన్నా! నీ కోడలు తేల్చేసింది. అక్క మేస్త్రీ. నేను పనికిరాను. కట్టుకున్న మొగుణ్ని పదిమంది ముందు నిలబెట్టి మరీ చెప్పింది."

"పనికిరారని నేను అనలేదండీ. వదినకి ఎక్కువ మార్కులు వచ్చాయన్నాను" అంది కోడలు.

"అమ్మా, రెండూ ఒకటేనని ఆవిడకి చెప్పు."

తప్పంతా మామయ్యదే అనుకుంది కోడలు. పనిచేసేవాళ్ల మనసుల గురించి ఆమె చదువుకుంది. ఏ ఉద్యోగానికి ఎవరు సరిపోతారో పరీక్షలు పెట్టి కంపెనీలకి చెప్పడం ఆమె వృత్తి. "ఊరందరికీ మనుషుల్ని ఎంచిపెడతావు, మనింటికి ఒక మేస్త్రీని ఎంచలేవా ప్రొఫెసరమ్మా?" అని ఆయన రెచ్చగొట్టాడు. ఆమె రెచ్చిపోయింది. అభ్యర్థులు ఇద్దరూ ఆయన పిల్లలే. ఒకరు గుర్రపు తలలు చెక్కే తన భర్త, ఇంకొకరు గుర్రాలకి రంగులేసే అతని అక్క. చెరొక పూట కార్ఖానా నడపమంది. తన కళ్లతో చూసి, తన చేత్తో మార్కులు వేసింది. ఎంత న్యాయంగా వేసిందంటే, నిన్న రాత్రి మొగుడి దగ్గర సగం దుప్పటి కూడా దొరకలేదు.

అప్పుడే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. పక్క వీధిలో కాపురముండే వదిన లోపలికి వచ్చింది. చేతివేళ్లకి నిన్నటి ఎర్రరంగు ఇంకా వదల్లేదు.

"మేస్త్రీ గారు వచ్చారు. కుర్చీ వెయ్యండి" అన్నాడు తమ్ముడు.

"నోర్ముయ్యరా" అంది అక్క. కుర్చీ లాక్కుని కూర్చుంది. "రాత్రంతా ఆలోచించాను నాన్నా. నాకొద్దు."

మామగారి దగ్గు ఆగిపోయింది.

"వద్దా? మరి పరీక్షకెందుకు నిలబడ్డావు?"

"నువ్వు నిలబడమన్నావు, నిలబడ్డాను. బాగా చేశానని ఈ అమ్మాయి అంది, సంతోషం. అంతమాత్రాన ఆ ఉద్యోగం నాకు కావాలని ఎవరితో అన్నాను? ఎవరైనా అడిగారా?"

కోడలి చేతిలో గుడ్డు పెంకు సగంలో ఆగింది. చెక్కని చూపుతో కొలవగలరా అని అడిగింది. ముందు ఏ పని, తరవాత ఏ పని అని అడిగింది. గట్టిగా చెప్పి పనిచేయించగలరా అని చూసింది. నీకీ పని ఇష్టమేనా అన్న ఒక్క మాట అడగలేదు. తన దగ్గర పనికి కుదిరిన కొత్తవాళ్లకి మొట్టమొదట నేర్పే ప్రశ్న అదే. సొంతింటికి వచ్చేసరికి బుర్ర ఎక్కడో పెట్టి వచ్చినట్టుంది.

"అమ్మా, పరీక్ష పెట్టినావిడ మొహం ఒకసారి చూడమ్మా" అన్నాడు భర్త. అన్నాక, నిన్నటి నుంచీ మొదటిసారి, గుడ్డు మీద ఉప్పు జల్లుకున్నాడు.

* * *

వదినని కోడలు మెట్ల మలుపు దగ్గర పట్టుకుంది.

"వదినా, ఇప్పుడడుగుతున్నాను. నీకేం కావాలి?"

"అడిగేశావా? కాస్త ఆలస్యంగానైనా అడిగావులే" అని నవ్వింది వదిన. కిందికి ఒకసారి, పైకి ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "నాకు మనుషుల్ని నడిపించడం విసుగు పిల్లా. నిన్న నీ పరీక్షలో అందర్నీ గడియారం ముల్లులా తిప్పానా? ఇంటికెళ్లి తలకి గుడ్డ కట్టుకుని పడుకున్నాను. నాకు తమ్ముడి బల్ల కావాలి."

"తలలు చెక్కడమా?"

"ఆ. ఒళ్లు ఎవరైనా చెక్కుతారు. తల చెక్కినప్పుడే అది గుర్రమవుతుంది. నాన్నకి ఆయన నాన్న నేర్పాడు, తమ్ముడికి నాన్న నేర్పాడు. నాకు రంగు డబ్బాలిచ్చారు. నాకెప్పుడూ అడగాలనిపించలేదు అనుకున్నావా? ఆ బల్ల మీద వాడు కూర్చుని ఉన్నాడు, వాణ్ని లేవమని ఎలా అంటాను?" ఆమె కళ్లలో తడి చేరింది. మళ్లీ వెంటనే నవ్వేసింది. "ఎవరికీ చెప్పకు. చెబితే నీ జుట్టుకి పచ్చరంగు వేస్తాను."

ఆమె దిగిపోయింది. కోడలు మెట్టు మీదే కూర్చుండిపోయింది. గెలిచినావిడకి ఉద్యోగం వద్దు. ఓడిన మొగుడు అలిగాడు. సోమవారం దగ్గరికొచ్చేస్తోంది. మేస్త్రీ లేకపోతే మామయ్య ఆ మోకాళ్లతోనే మళ్లీ కిందికి దిగుతాడు, అది ఖాయం. ఆమెకి నిజంగా భయం వేసింది. 'అసలు మేస్త్రీ పనంటే ఏమిటో నాకు తెలుసా?' అని మొదటిసారి అనుమానం వచ్చింది.

తెలుసుకోవడానికి ఆమె ఏం చేసిందో చెబితే నవ్వు వస్తుంది. పోయిన వారం మామగారి వెనక కుర్చీ వేసుకుని కూర్చుని ఆయన పని గమనించింది. ఆయన ఛాతీ విరిచి నడిచాడు. కనబడిన ప్రతివాణ్నీ కేకలేశాడు. చెక్కని దూరం నుంచే చూసి కొలత చెప్పి మీసం సవరించుకున్నాడు. పనివాళ్లు కూడా ఫొటోకి కూర్చున్నట్టు బిగుసుకుని ఉప్పుకాగితం రుద్దారు. మేస్త్రీ అంటే ఇదీ అని ఆమె నమ్మింది. అదే పరీక్షగా పెట్టింది.

ఈసారి కుర్చీ వేసుకోలేదు. ఒక గుర్రపు కాలూ, ఒక ఉప్పుకాగితం ముక్కా తీసుకుని కళ్ల పిన్ని పక్కన పీట మీద కూర్చుని రుద్దడం మొదలుపెట్టింది. కళ్ల పిన్ని అంటే గుర్రాలకి కళ్లు దిద్దే ఆవిడ. కాసేపటికి అందరూ కోడల్ని మరిచిపోయారు.

మామగారు కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. కేకలూ లేవు, మీసం సవరించుకోవడమూ లేదు. చిత్రిక పట్టే అతని పక్కన నిలబడి "రాత్రి పాప నిద్రపోయిందా?" అన్నాడు. లేదని అతను అనగానే అతని చేతిలోంచి సన్నటి పని తీసి మొరటు పని పెట్టాడు. నిద్రలేని చేతితో సన్నపని చెడుతుందని ఆయన చెప్పలేదు, అతను అడగలేదు. ఇద్దరు పోట్లాడుకుంటుంటే మధ్యలో నిలబడి ఏదో జోకు వేశాడు. ఇద్దరూ ఆయన్ని తిట్టడంలో ఒకటైపోయారు. చెక్క కొలత మాత్రం ఒక్కసారి కూడా చూపుతో చెప్పలేదు. టేపు పెట్టి కొలిచాడు.

కోడలు నోరు తెరిచి చూస్తోంది.

"మీకో సంగతి చెప్పనా కోడలుగారూ?" అంది కళ్ల పిన్ని, కుంచె మొన నోటితో తడి చేసుకుంటూ. "నెల్లాళ్లుగా నా గుర్రాలు ఏడుస్తున్నాయి."

"ఏడవడమేంటి పిన్నీ?"

"వార్నిష్ పూర్తిగా ఆరాకే నేను కళ్లు దిద్దాలి. ఆరకుండా దిద్దితే నల్లరంగు కిందికి జారుతుంది. గుర్రం ఏడ్చినట్టుంటుంది. పాలిష్ బాబాయి కావాలనే ముద్దగా పూస్తున్నాడని నేనూ, నేను తొందరపడి దిద్దుతున్నానని ఆయనా. మాటలు మానేశాం. నిన్న మీ ఆయన తన పూటలో వచ్చి మా ఇద్దరి మధ్యా గొంతుక్కూర్చున్నాడు. నన్ను కాసేపు వాగనిచ్చాడు, ఆయన్ని కాసేపు వాగనిచ్చాడు. తీరా చూస్తే ఆరబెట్టే చోటు మూలకి జరిగిందట, అక్కడ గాలే లేదట. కిటికీ తెరిచి ఆరబెట్టే బల్లలు అటు జరిపించాడు. ఇవాళ ఒక్క గుర్రం ఏడిస్తే ఒట్టు!"

కోడలి చేతిలో ఉప్పుకాగితం ఆగిపోయింది.

నిన్న ఆ దృశ్యం తను చూసింది. భర్త చెయ్యాల్సిన పనులు గాలికొదిలేసి, చెక్కలు పంచకుండా, ఆ ఇద్దరి మధ్యా కూర్చుని చేతులూపుతూ కబుర్లాడుతున్నాడు. 'పని వదిలి కబుర్లు' అనుకుని కసిగా మార్కులు కోసేసింది. కబుర్లనుకుని మార్కులు కోసేసిన ఆ చోటే అసలు మేస్త్రీ పని జరుగుతోంది.

ఆమెకి గుండెల్లో పూలబుట్ట బోర్లించినట్టయింది. నా మొగుడికి వచ్చు! నా కళ్లకే కనబడలేదు! అంతలోనే ఆ సంతోషం మీద చన్నీళ్లు పడ్డాయి.

* * *

"ఇప్పుడు నేను మాట మారిస్తే, మొగుడు అలిగాడని మార్చిందంటారు అత్తయ్యా."

"అంటారు" అంది అత్తగారు టీ వడగడుతూ. "ఎందుకనరూ? నేనైనా అంటాను."

"మరేం చెయ్యను?"

"నిజమేనా, కాదా?"

"నిజమే."

"అయితే చెప్పు. నవ్వుతారు, నవ్వనీ. నువ్వు తప్పు మార్కులు వేసి వాణ్ని అందరి ముందు నిలబెట్టావు. మార్చేటప్పుడు మాత్రం చాటుగా మారుస్తావా?" ఆవిడ టీ గ్లాసులున్న పళ్లెం కోడలి చేతిలో పెట్టింది. "వీటితో వెళ్లు. చేతుల్లో టీ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టలేరు, రాళ్లూ వెయ్యలేరు."

అత్తా కోడళ్లు కలిసే దిగారు. అందరి చేతికీ గ్లాసు అందాక కోడలు ఆరబెట్టే బల్లల పక్కన నిలబడింది. పెద్ద పెద్ద కంపెనీల్లో పెద్దమనుషుల ముందు మాట్లాడినప్పుడు కూడా ఆమెకి ఇంత బెరుకు వెయ్యలేదు.

"ఒక్క మాట చెప్పాలి. నిన్న నేను పెట్టిన పరీక్ష తప్పు."

"అంటే మొగుడు గుడ్డు చప్పగా తింటే మార్కులు పెరుగుతాయన్నమాట!" అన్నాడు పాలిష్ బాబాయి. ఆ ఇంటి మెట్లకి చెవులూ ఉన్నాయి, నోరూ ఉంది.

కార్ఖానా ఘొల్లుమంది. చిత్రిక పట్టే అతనికి టీ పొలమారింది. తన బల్ల దగ్గర గుర్రపు తల మీద వంగిన భర్త చెవులు ఎర్రగా మెరిశాయి. తల మాత్రం ఎత్తలేదు.

"నవ్వండి, నాకు తగిన శాస్తే" అంది కోడలు. తనకీ నవ్వు వచ్చేసింది. "మేస్త్రీ పనేంటో తెలుసుకోవాలని మామయ్య వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నేను చూస్తున్నంతసేపూ మామయ్య నాటకమాడాడు."

"ఏయ్!" అన్నాడు మామగారు.

"ఆడావు నాన్నా" అంది వదిన.

"ఆ నాటకానికి నేను పరీక్ష పెట్టాను. ఆ నాటకం వదిన బాగా ఆడింది, గెలిచింది. ఈయన ఆడలేదు. పిన్ని దగ్గరా బాబాయి దగ్గరా కూర్చుని గుర్రాల ఏడుపు మాన్పించాడు. దానికి నేను మార్కులు తీసేశాను. ఇప్పుడు నేను మళ్లీ మార్కులు వెయ్యను. నేను ఆయన పెళ్లాన్ని, నా లెక్క ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. రోజూ పనిచేసేది మీరు. మీరే చెప్పండి."

కళ్ల పిన్ని లేచి, ఇప్పుడే కళ్లు దిద్దిన గుర్రాన్ని చంకనేసుకుని పాలిష్ బాబాయి ముందు పెట్టింది.

"ఏడుస్తోందా?"

బాబాయి కళ్లజోడు పైకి జరుపుకుని చూశాడు. "ఏడవడం లేదు. నిన్ను చూసి నవ్వుతోంది."

"ఆయన చేతే చెప్పించాను, చూసుకోండి" అంది పిన్ని. "నెల్లాళ్లుగా నాతో ముక్క మాట్లాడని మనిషి. నా ఓటు కుర్రాడికే."

"నాదీనూ" అన్నాడు బాబాయి. "ఆ పిల్ల వాడి పెళ్లాం కాకపోయినా నాదీనూ." ఒకరి తరవాత ఒకరు గ్లాసులెత్తారు.

భర్త ఉలి కింద పెట్టాడు. "అమ్మా, ఆవిడకి చెప్పు…" అని మొదలుపెట్టి ఆగిపోయాడు. ఇక ఆ దారి పొడవైపోయిందనిపించిందేమో, తిన్నగా భార్య కళ్లలోకి చూశాడు.

"నిజంగానే అంటున్నావా? నా మొహం చూసి జాలిపడి కాదుగా?"

"మీ మొహం చూసే ఇచ్చేదాన్నయితే నిన్ననే ఇచ్చేదాన్ని. దుప్పటి అయినా దక్కేది."

"మేస్త్రీ పని రాకపోయినా నాకు బాధ లేదు. నువ్వు నన్ను చూసి చూసి పనికిరాడని తేల్చావే అని… అదీ నా బాధ."

"నేను చూడలేదండీ. చూశాననుకున్నాను."

అంతే. ఇద్దరి మొహాలూ వెలిగిపోయాయి. పాలిష్ బాబాయి గట్టిగా ముక్కు చీదాడు. వార్నిష్ వాసనకట. అత్తగారు "హమ్మయ్య, తీగ తెగింది" అని అక్కడున్న పీట మీద కూలబడింది.

"బాగుంది, బాగుంది" అన్నాడు మామగారు. కర్రతో నేలని రెండుసార్లు కొట్టాడు. "మరి వీడు లేచి తిరుగుతుంటే తలలెవడు చెక్కుతాడు? తల లేని గుర్రాలు అమ్ముతామా?"

ఇది ఎవరూ ఆలోచించలేదు. కోడలి చూపు వదిన వైపు పోబోయి, ఇచ్చిన మాట గుర్తొచ్చి, నేల మీద రంపపు పొట్టులో దిగబడింది.

"నేను" అంది వదిన.

రంగు కుంచె డబ్బాలో పడేసి, ఎర్రటి చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, తమ్ముడి బల్ల దగ్గరికి నడిచింది. ఎవరైనా ఆపేలోపే సగం చెక్కిన తల ముందు కూర్చుంది. ఉలి పట్టుకుంది. కొయ్యసుత్తి ఎత్తింది. మెడ దగ్గర మొదటి చెక్కపేడు చుట్టలు తిరుగుతూ లేచింది. రెండోది లేచింది. జూలు నిజంగానే గాలికి ఎగిరినట్టు ఒక వంపు తిరిగింది.

"ఆగు" అన్నాడు మామగారు.

ఆయన కుంటుతూ వచ్చి ఆ వంపు మీద బొటనవేలు పెట్టి పై నుంచి కింది దాకా నడిపించాడు. మళ్లీ నడిపించాడు.

"ఎక్కడ నేర్చుకున్నావే?"

"నీ దగ్గరే."

"నేను నీకెప్పుడూ నేర్పలేదే?"

"తమ్ముడికి నేర్పేటప్పుడు పక్కన రంగులు కలుపుతూ ఉన్నాను కదా నాన్నా. పని చేతులకే, కళ్లకి వేరే పనేముంది?"

చాలాసేపు ఆయన ఆ చెక్కవంకే చూశాడు. కార్ఖానా మొత్తం ఆయన వంక చూసింది. ఆయన తల ఎత్తి, విసుగ్గా, కళ్లు తుడుచుకుంటూ అందరి మీదా మండిపడ్డాడు.

"నన్నేం చూస్తారు? ఎవరు ఏ బల్ల దగ్గర కూర్చోవాలో చెప్పాల్సింది నేనా? చెప్పండి, మేస్త్రీ గారూ!"

ఆ పిలుపు కొడుక్కే. అతను పుట్టాక ఆయన అతన్ని 'గారూ' అనడం అదే మొదటిసారి. అందరి మొహాలూ గాలిపటం తోకలా అటు తిరిగాయి.

అతను తన బల్ల వంక చూశాడు. తన మోచేతుల రాపిడికి నున్నబడిన అంచు వంక చూశాడు. అక్క చేతిలో ఉన్న తన ఉలి వంక చూశాడు. ఆ బల్ల ఆవిడకి కావాలని అతనికి ఇప్పుడే తెలిసింది. దారి చెప్పమన్నట్టు భార్య వైపు తిరిగాడు. ఒక్కసారి చేతులు కాల్చుకున్న కోడలు పెదవులు బిగించి పైకప్పు దూలాలు చూడటం మొదలుపెట్టింది. నాలుక చివర మాట దురద పెడుతున్నా మింగేసింది. ఈసారి చెప్పాల్సింది అతను.

అతను బల్ల దగ్గరికి వెళ్లాడు. భార్య వైపు వీపు పెట్టి నిలబడ్డాడు గనక మొహంలో నవ్వుందో, ఇంకేముందో ఆమెకి కనిపించలేదు.

"అక్కా" అన్నాడు. "ముందు నువ్వు అక్కణ్నుంచి లే. ఆ బల్ల ఉన్నది నా ఎత్తుకి, దాన్ని నీ ఎత్తుకి దించాలి."